టీకా బల్ల దగ్గర పాస్‌బుక్

(ఆరోగ్య సిబ్బంది శిక్షణ శిబిరంలో ఒక పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తెల్లవారకముందే బయల్దేరి రెండేసి బస్సులు మారి వచ్చిన ఆశా అక్కచెల్లెళ్లకు, ఏఎన్‌ఎంలకు, అంగన్‌వాడీ టీచర్లకు, మెడికల్ ఆఫీసర్లకు, వెనక వరసలో కూర్చున్న పోస్టాఫీసు వాళ్లకు నమస్కారం. టీకాల మీటింగుకు పోస్టాఫీసు వాళ్లను ఎందుకు పిలిచారని ఇందాక టీ దగ్గర ఒకరిద్దరు నన్ను అడిగారు. నేను మాట్లాడబోయేది దాని గురించే: టీకాల బల్ల దగ్గరే బిడ్డ పేరు మీద పోస్టాఫీసు ఖాతా తెరిపించడం.

ముందు ఒక కాగితం సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట, నేను ఇంకా సర్వీసులో ఉండగా, ఒక శనివారం టీకాల రోజు మూడున్నర నెలల ఆడపిల్లను ఎత్తుకుని ఒకమ్మాయి వచ్చింది. చేతిలో బట్టల షాపు వాళ్లిచ్చే ప్లాస్టిక్ కవరు. దాన్లో తల్లీబిడ్డల కార్డు, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, బిడ్డ బర్త్ సర్టిఫికెట్, అన్నీ నాలుగు మడతలు పెట్టి, తడవకుండా లోపల ఇంకో కవరు చుట్టి ఉన్నాయి. పాపకు సూది అయిపోయింది. అయినా ఆమె కదల్లేదు. "ఏమ్మా, ఏమైనా చెప్పాలా?" అని అడిగాను. "పాప పేరు మీద పోస్టాఫీసులో డబ్బులు కడదామని మూడుసార్లు పోయానండి. కాగితం సరిగా లేదని పంపేస్తున్నారు. మీరొకసారి చూస్తారా మేడమ్?" అంది.

చూశాను. ఆధార్‌లో ఆమె పేరు మహాలక్ష్మి. బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు లక్ష్మి. అంతే తేడా. ఆ పొరపాటు ఆమెది కాదు, పోస్టాఫీసుదీ కాదు. పుట్టుక రిపోర్టు రాసింది ఆసుపత్రిలో మావాళ్లే. కాన్పు వార్డులో "పేరేంటమ్మా" అని అడిగి ఉంటారు. నొప్పులు పడుతున్న మనిషి ఇంట్లో పిలిచే పేరు చెప్పి ఉంటుంది. ఎవరూ ఆధార్ తీసి చూడలేదు. 'మహా' అనే రెండక్షరాలు రాయనందుకు ఆమెకు మూడు రోజుల కూలి పోయింది. సరిచేయించుకోవడానికి తిరిగిన రోజులు వేరే. చంకలో పసిబిడ్డతో.

అన్నేళ్లు ఆ కాగితాన్ని నేను లెక్క కోసం రాసే కాగితంగానే చూశాను. నెలకు ఎన్ని కాన్పులు, ఎంతమంది మగ, ఎంతమంది ఆడ, బరువెంత. ఆ బిడ్డ పేరు మీద ఎప్పటికైనా ఓ పదివేలు పోగవ్వాలన్నా మొదటి కాగితం అదేనని, అది రాసేది మనమేనని ఆరోజు మహాలక్ష్మి ముందు నిలబడితే గానీ నాకు తట్టలేదు.

మీలో కొందరికి ఒక అనుమానం వస్తుంది, నాకు తెలుసు. జ్వరం చూడటం, సూది వేయడం మన పని. డబ్బు విషయాలు బ్యాంకు వాళ్లవి, డ్వాక్రా వాళ్లవి. మనకెందుకు?

నేను పిల్లల డాక్టర్ని. నా దగ్గరికి మళ్లీ మళ్లీ నిమోనియాతో వచ్చే పిల్లలు ఎవరో నాకు తెలుసు. పాలు పట్టాల్సిన నెలల్లోనే తల్లి కూలికి పోయిన ఇంటి పిల్లలు. ఒక్క ఆసుపత్రి ఖర్చుకు మేకలో, పుస్తెలతాడో, అర ఎకరమో పోయిన ఇంటి పిల్లలు. చేతిలో ఏమీ లేని ఇంట్లో చిన్న జబ్బు కూడా పెద్దదయ్యాకే ఆసుపత్రికి వస్తుంది. మందు రాసి పంపేస్తే నా పని అయిపోయిందని మనసుకు సర్దిచెప్పుకోగలను గానీ, నెల తిరక్కుండా అదే బిడ్డ మళ్లీ అదే బెడ్డు మీదికి వస్తుంది.

ఈ ఆలోచన మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో బోస్టన్ మెడికల్ సెంటర్ అని పేదవాళ్లు ఎక్కువగా వెళ్లే ఆసుపత్రి ఉంది. 2016లో అక్కడ పిల్లల విభాగంలో శిక్షణలో ఉన్న ఇద్దరు డాక్టర్లు, ల్యూసీ మార్సిల్, మైఖేల్ హోల్, స్ట్రీట్‌క్రెడ్ అని ఒక పని మొదలుపెట్టారు. అక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. తక్కువ జీతంతో పనిచేసే కుటుంబాలకు, ముఖ్యంగా పిల్లలున్నవాళ్లకు, ప్రభుత్వం పన్ను లెక్కలోనే డబ్బు తిరిగి ఇస్తుంది. పన్ను కట్టేంత ఆదాయం లేకపోయినా ఇస్తుంది. 1975 నుంచి ఉన్న పథకం అది. పిల్లలున్న ఇంటికి ఏడాదిలో ఒక్కసారిగా చేతికొచ్చే పెద్ద మొత్తం అదే. కానీ రిటర్ను, అంటే ఏడాది ఆదాయం లెక్క రాసిన పన్ను కాగితం, వేస్తేనే వస్తుంది. అర్హత ఉన్నవాళ్లలో ఐదుగురిలో ఒకరు తీసుకోవడం లేదని అక్కడి పన్నుల శాఖే చెబుతుంది. వేసేవాళ్లలోనూ చాలామంది ప్రైవేటు ఏజెంట్లకు ఫీజు కట్టి వేయించుకుంటారు. అంటే పేదవాడి డబ్బు పేదవాడి చేతికి రావడానికే ఖర్చు.

ఆ ఇద్దరు డాక్టర్లు గమనించింది మీరు రోజూ చూసేదే. పిల్లల డాక్టర్ దగ్గర తల్లులు గంటలకొద్దీ కూర్చుంటారు. ఊరికే కూర్చుంటారు. మరి అక్కడే, ఆ కుర్చీల పక్కనే ఒక బల్ల వేసి, శిక్షణ పొందినవాళ్లతో ఉచితంగా రిటర్ను వేయిస్తే? వేయించారు. బిడ్డకు చెకప్ అయ్యేలోపు రిటర్ను కూడా పూర్తి. తల్లి ఇంకో ఆఫీసు వెతుక్కోవాల్సిన పని లేదు, ఇంకో రోజు జీతం పోగొట్టుకోవాల్సిన పని లేదు. అక్కడివాళ్లు దీనికి పెట్టుకున్న పేరును తెలుగులో చెప్పాలంటే వైద్యం, ఆర్థికం కలిసి చేసే పని అనవచ్చు.

నాకు ఆ కథలో నచ్చింది పన్ను సంగతి కాదు. వాళ్లు కరపత్రం పంచి ఊరుకోలేదు. "ఫలానా చోట ఫలానా పథకం ఉంది, వెళ్లి కనుక్కో అమ్మా" అని పంపేయలేదు. పని పూర్తిచేసి పంపారు. మన దగ్గర ఎన్నో పథకాలు కరపత్రం దగ్గరే ఆగిపోతాయి. మహాలక్ష్మికి పథకం తెలియక కాదు కదా. తెలుసు. మూడుసార్లు వెళ్లింది కూడా.

ఇంకో రెండు సంగతులు కూడా అక్కడివే. మెయిన్ అనే రాష్ట్రంలో హరాల్డ్ ఆల్ఫండ్ అనే చెప్పుల వ్యాపారి పేరిట ఉన్న ఫౌండేషన్, పుట్టిన ప్రతి బిడ్డకూ పెద్ద చదువు కోసం 500 డాలర్లు ఇస్తుంది. మొదట్లో తల్లిదండ్రులు ఖాతా తెరుచుకుంటేనే ఇచ్చేవారు. ఊరికే వచ్చే డబ్బే. అయినా సగం మంది కూడా తెరవలేదు. తెరిచినవాళ్లలో ఎక్కువమంది చదువూ డబ్బూ ఉన్నవాళ్లే. అప్పుడు పద్ధతి మార్చారు. బిడ్డ పుడితే చాలు, అడగక్కర్లేకుండా ఆ డబ్బు బిడ్డ పేరిట జమవుతుంది. రెండోది ఓక్లహామాలో 2007లో మొదలైన ప్రయోగం. అప్పుడే పుట్టిన పిల్లల్లో దాదాపు 2,700 మందిని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, ఒక భాగానికి చదువు ఖాతాలో 1,000 డాలర్లు వేశారు. రెండో భాగానికి వేయలేదు. నాలుగేళ్ల తర్వాత చూస్తే, ఖాతా ఉన్న పిల్లలు నలుగురితో కలవడంలో, తమ కోపతాపాలు అదుపులో పెట్టుకోవడంలో కొంచెం మెరుగ్గా ఉన్నారు. పేద ఇళ్లలో ఆ తేడా ఎక్కువగా కనబడింది. ఆ డబ్బును నాలుగేళ్లలో ఎవరూ ముట్టుకోలేదు, ఖర్చుపెట్టలేదు. నా బిడ్డ చదువుతుంది అని తల్లి అనుకోవడంలో ఏదో మారింది. పిల్లల డాక్టర్‌గా ఆ ఫలితం చదివిన రోజు నేను చాలాసేపు దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే, ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో బాలికా సంరక్షణ పథకం వచ్చింది. ఒక్క ఆడపిల్లతో ఆపి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటే, ఆ పిల్లకు ఇరవై ఏళ్లు నిండాక లక్ష రూపాయలు. ఆసుపత్రి కాగితానికీ ఆడపిల్ల ఆస్తికీ ముడివేసిన పథకమే అది. కానీ తల్లి ఒంటి మీద కోతకు కూతురి డబ్బును ముడిపెట్టడం నాకు అప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పుడూ పడదు. తర్వాత 2013లో బంగారు తల్లి వచ్చింది. అది బాగా ఆలోచించి చేసిన పథకం. ఆడపిల్ల పుట్టగానే 2,500 రూపాయలు, మొదటి రెండేళ్లూ టీకాలు పూర్తయితే ఏడాదికి వెయ్యి, తర్వాత అంగన్‌వాడీకి, బడికి, కాలేజీకి ఏటా కొంత. డబ్బు అందే మొదటి మెట్లన్నీ మన చేతుల మీదుగానే సాగాయి. రాష్ట్రం విడిపోయాక అది ముందుకు సాగలేదు. తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్‌లోనూ మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 విడతలుగా ఇచ్చారు. ఆ విడతల్లో కొన్ని బిడ్డ టీకాలతో కలిపే ఉన్నాయి.

ఆసుపత్రిలో కాగితాల పని చూసే మనిషి కూడా మనకు కొత్త కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ ఆరోగ్యమిత్ర ఉన్నారు. కార్డు చూసి, ఏ జబ్బుకు వర్తిస్తుందో చెప్పి, ఫొటో తీసి, అనుమతి వచ్చేదాకా ఫాలో చేసే ఆ కౌంటర్ లేకపోతే ఎన్ని ఇళ్లు అప్పుల్లో మునిగేవో మీకు వేరే చెప్పాలా? బోస్టన్‌లో 2016లో వేసిన బల్లకు ముందే మన దగ్గర ఒక బల్ల ఉంది. మనం దాన్ని పెద్ద జబ్బులకే వాడుకున్నాం. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ కోసం ఎవరూ బల్ల వేయలేదు.

ఇక అసలు లెక్కకు వస్తాను. టీకాల పట్టిక మీకు కంఠతా వచ్చు. పుట్టగానే, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. ఏడాది లోపు ఐదుసార్లు తల్లీబిడ్డా మన ముందుకు వస్తారు. ఏ బ్యాంకు మేనేజరూ ఆ తల్లిని ఏడాదికి ఐదుసార్లు చూడడు.

పుట్టినప్పుడు: రిపోర్టు రాసేటప్పుడు తల్లి ఆధార్, తండ్రి ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయాలి. అడిగి రాయొద్దు, చూసి రాయండి. ఈరోజు నేను చెప్పే వాటిలో ఇది ఒక్కటే గుర్తుపెట్టుకున్నా నాకు చాలు. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయాలి. మన ఇళ్లలో చాలాచోట్ల బారసాల కూడా ఇరవై ఒకటో రోజే చేస్తారు కాబట్టి చెప్పడం తేలిక. పేరు పెట్టకముందే పుట్టుక నమోదు చేయించవచ్చు. ఏడాది లోపు అయితే ఫీజు లేకుండా పేరు చేరుస్తారు, ఆ తర్వాత ఫీజుతో పదిహేనేళ్ల దాకా చేర్చుకోవచ్చు. ఆలస్యమైందని చెప్పి ఏ తల్లినీ భయపెట్టకండి.

ఆరో వారం వచ్చినప్పుడు సర్టిఫికెట్ వచ్చిందా, పేర్లు సరిపోయాయా అని చూడాలి. తప్పుంటే అప్పుడే దిద్దించాలి. పదో వారం ఫొటోలు, జిరాక్సులు. ఇవి చిన్న పనులు, వీటి మీద ఎక్కువ మాట్లాడను.

పద్నాలుగో వారం దగ్గర మాత్రం ఆగుతాను, ఎందుకంటే అన్ని దారులూ అక్కడే కలుస్తాయి. గర్భిణులకు, బాలింతలకు కేంద్రం డబ్బు ఇచ్చే పథకం ప్రధానమంత్రి మాతృవందనలో మొదటి కాన్పుకు 5,000. అందులో గర్భం నమోదు, చెకప్ అయ్యాక 3,000. మిగతా 2,000 ఎప్పుడు? పుట్టుక నమోదై, మొదటి విడత టీకాలు పూర్తయ్యాక. అంటే పద్నాలుగో వారం సూది తర్వాతే. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000. చూడండి, అదే బర్త్ సర్టిఫికెట్, అదే టీకా కార్డు, అదే తల్లి బ్యాంకు ఖాతా. ఆడపిల్ల పేరు మీద తెరిచే ప్రభుత్వ పొదుపు ఖాతా సుకన్య సమృద్ధి. అది తెరవడానికి కావాల్సింది 250 రూపాయలు. ఆ తల్లి చేతికి డబ్బు వచ్చే రోజుల్లోనే, అవే కాగితాలతో, అదే బల్ల దగ్గర పక్క కుర్చీలో బ్రాంచి పోస్ట్‌మాస్టర్ కూర్చుంటే చాలు.

సుకన్య గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. 2015 జనవరిలో వచ్చింది. పదేళ్లలోపు ఆడపిల్లకు, ఇంటికి ఇద్దరికి. ఏడాదికి కనీసం 250, పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా ఇరవై ఒక్క ఏళ్లకు పూర్తవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండినా, పదో తరగతి పాసైనా చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. వడ్డీని మూడు నెలలకోసారి ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2024 జనవరిలో 8.2 శాతం చేశారు. నెలకు 250 చొప్పున కడితే పదిహేనేళ్లలో కట్టేది 45,000. ఆ వడ్డీయే చివరిదాకా ఉంటే ఇరవై ఒకటో ఏట చేతికొచ్చేది దాదాపు లక్షా నలభై వేలు. ఒక ఏడాది కట్టలేకపోతే ఖాతా పోదు, తర్వాత 50 రూపాయల జరిమానాతో కలిపి కట్టుకోవచ్చు. ఇది గట్టిగా చెప్పండి. ఒక్క ఏడాది తప్పిందని మొత్తం పోయిందనుకుని వదిలేసిన తల్లులు నాకు చాలామంది తగిలారు. మగపిల్లవాడికి ఈ ఖాతా లేదు. కావాలంటే వాడి పేరు మీద పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతా తెరవవచ్చు, ఏడాదికి కనీసం 500.

ఇప్పుడు ఒక జాగ్రత్త. ఇంట్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన చేతి అప్పు ఉందనుకోండి. నూటికి నెలకు మూడు అంటే ఏడాదికి ముప్పై ఆరు. ముప్పై ఆరు వడ్డీ కడుతూ ఎనిమిది వచ్చే చోట దాచుకోమని చెప్పడం ఆ ఇంటికి మేలు చేసినట్టు కాదు. అలాంటి తల్లితో "250తో ఖాతా తెరిచి ఉంచుకో, ఏడాదికి అంతే కట్టు, మిగతా డబ్బు ముందు అప్పుకు కట్టు" అని చెప్పండి. ఈ మాట చెప్పాలంటే ముందు ఆమెకు అప్పు ఉందో లేదో అడగాలి. అందరి ముందు అడగొద్దు. బిడ్డ బరువు చూసేటప్పుడు, పక్కన అత్తగారు లేనప్పుడు అడగండి. ఎలా అడగాలో నాకన్నా ఆశా అక్కలకే బాగా తెలుసు.

ఖాతా తెరిస్తేనే సూది అని ఎవరైనా, ఎప్పుడైనా అన్నారంటే ఈ పని అక్కడితో ఆపేయాలి. ఇందాక ఆపరేషన్ పథకం గురించి చెప్పింది అందుకే. వద్దన్న తల్లికి "సరేనమ్మా" అని చెప్పి, మరో మాట లేకుండా సూది వేసి పంపాలి. అలాగే ఆ బల్ల దగ్గరికి ప్రైవేటు ఇన్సూరెన్స్ ఏజెంట్లను రానివ్వకండి. ఆసుపత్రిలో చెప్పారంటే జనం నమ్ముతారు. ఆ నమ్మకాన్ని కమీషన్ కోసం ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. పోస్టాఫీసు ఖాతా తప్ప ఇంకేదీ ఆ బల్ల మీదికి రాకూడదని నా అభిప్రాయం.

ఆశాల సంగతి. మీకు ఇప్పటికే ఎన్ని రిజిస్టర్లున్నాయో నాకు తెలుసు. ఫోన్లో ఎన్ని యాప్‌లున్నాయో, రాత్రి పది గంటలకు నెట్‌వర్క్ కోసం డాబా ఎక్కి ఎంట్రీలు చేస్తున్నారని కూడా తెలుసు. మీ నెత్తిన ఇంకో టార్గెట్ పెట్టడానికి నేను రాలేదు. మెడికల్ ఆఫీసర్లకు నేను చేతులెత్తి మొక్కి చెబుతున్నాను, "ఈ నెల ఎన్ని ఖాతాలు" అని ఆశాలను అడగకండి. టార్గెట్ పెట్టిన రోజున 250 ఎవరో ఒకరు జేబులోంచి వేసి ఖాతా తెరుస్తారు. ఆ తల్లికి ఆ సంగతే తెలియదు, పాస్‌బుక్ ఎవరి బీరువాలోనో పడి ఉంటుంది. ఫారం రాసేది, ఖాతా తెరిచేది పోస్టాఫీసు మనిషి. ఆశా చేయాల్సింది, ఎలాగూ టీకాకు తీసుకొస్తున్న తల్లికి "కాగితాల కవరు కూడా తెచ్చుకో" అని చెప్పడమే. తొమ్మిదో నెల టీకాకు వచ్చినప్పుడు మాత్రం ఏఎన్‌ఎం ఒక్క ప్రశ్న అడగాలి: "పాస్‌బుక్ నీ దగ్గరే ఉందా?" ఖాతా ఉందా అని అడగొద్దు. పాస్‌బుక్ తల్లి చేతిలో ఉందా అనే అడగండి.

మహాలక్ష్మి పని ఎలా అయ్యిందని మీరు అడుగుతారు. సర్టిఫికెట్ దిద్దించడానికి ఆసుపత్రి తరఫున మేమే కాగితం రాసిచ్చాం. అది వచ్చాక తొమ్మిదో నెల టీకాకు ఆమె మళ్లీ వచ్చింది. అదే కవరు. ఈసారి అన్నిటికంటే పైన పాస్‌బుక్ ఉంది. లోపల ఒకే ఒక్క ఎంట్రీ. బిడ్డ చేయి చాచి ఆ పుస్తకం లాక్కుని నోట్లో పెట్టుకోబోతే, చింపుతుందేమోనని ఆమె గబుక్కున వెనక్కి లాక్కుంది. బిడ్డ ఏడుపు అందుకుంది. టీకా గదిలో అందరం నవ్వేశాం, ఆమె కూడా నవ్వింది.

వచ్చే బుధవారం మన జిల్లాలో మూడు సబ్‌సెంటర్లలో ఈ బల్ల వేసి చూద్దామని పోస్టాఫీసు వాళ్లు ఒప్పుకున్నారు. ఆ మూడు ఊళ్ల ఏఎన్‌ఎంలు భోజనానికి వెళ్లేముందు వెనక వరసకు వచ్చి పోస్ట్‌మాస్టర్లతో ఫోన్ నంబర్లు మార్చుకోండి. కాన్పు వార్డు స్టాఫ్ నర్సులు ఎవరైనా ఉంటే, మీరు వాడే పుట్టుక రిపోర్టు ఫారం ఒకటి నాకు చూపించండి. తల్లి పేరు గడి పక్కన "ఆధార్ చూసి రాయాలి" అని ఒక స్టాంపు చేయించి అన్ని వార్డులకూ పంపిద్దామని ఉంది. ఆ మాట ఏ సైజులో పడుతుందో కొలవాలి.